నూకాలమ్మ చక్కెర గీత

మామిడిగట్టులో బుర్రున్నోళ్ల ఇల్లు ఎక్కడని అడిగితే చంటిపిల్ల కూడా వేలెత్తి చూపిస్తుంది. ఆ పేరు ఊరు పెట్టింది కాదు. ఇంటివాళ్లే పెట్టుకున్నారు. తలుపు మీద సుద్దముక్కతో రాసుకున్నారు కూడా. వానకి చెరిగిపోయినప్పుడల్లా మళ్లీ రాసుకునేవాళ్లు, ఎందుకంటే చెరిగిపోయిన రోజున వాళ్లకే తమ ఇల్లు ఏదో అనుమానం వచ్చేది.

ఆ ఇంట్లో నలుగురు. పెద్దది నూకాలమ్మ. ఆమెకి ముగ్గురు తమ్ముళ్లు: పైడయ్య, సన్యాసి, గంగులు. ఆ వైపు అక్కని అప్ప అంటారు. ముగ్గురికీ అప్ప మాటంటే మాటే. ఆమె చిన్నప్పుడే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికొచ్చి, తల్లిలేని ఈ ముగ్గుర్నీ పెంచింది. పెంచడమంటే పొడుగు పెంచింది. మిగతాది ఆమె దగ్గర ఉంటే కదా పెట్టడానికి!

వాళ్ల తెలివి ఎంతటిదో ఒక్క మాటలో చెప్తాను. ఒక ఏడాది జనవరిలో చెయ్యాల్సిన పనులు మిగిలిపోయాయని పైడయ్య క్యాలెండరు కాగితం చింపనివ్వలేదు. ఊరంతా ఉగాది పచ్చడి తింటుంటే వాళ్లింట్లో ఇంకా జనవరే. ఇంకో సంగతి. ముగ్గురికీ పెళ్లి చూపులయ్యాయి. "కబురు పంపుతాం, అందాకా ఆగండి" అన్నారు పెళ్లివారు. ఇప్పటికి ముప్ఫై ఏళ్లయింది. వీళ్లు ఆగుతూనే ఉన్నారు.

"తెలివి మన ఇంట్లో ఎక్కువైపోయి వీధిలోకి కారతాందిరా" అనేవాడు పైడయ్య, మీసం దువ్వుకుంటూ.

నవ్వకండి. ఒక్క పనిలో మాత్రం ఊరంతా ఆ ఇంటి ముందు చేతులు కట్టుకునేది. బెల్లం వండడంలో. ఇంటి వెనక పెద్ద పెనం, దాని కింద పొయ్యి. చెరకు రసం మరుగుతుంటే నూకాలమ్మ పక్కన నిలబడి చూసేది. నురగ ఏ రంగుకొచ్చిందో, బుడగ ఎంత లావుగా లేస్తోందో చూసి "దించండిరా" అనేది. ఆ క్షణంలో దించితే దిమ్మ బంగారంలా దిగేది. ఒక్క నిమిషం అటైనా ఇటైనా పాడే.

అలాంటి నూకాలమ్మ కళ్లకి ఆ ఏడు శుక్లాలు కమ్మాయి. మొదటి పెనం మాడి బొగ్గయింది. రెండోది ముందే దించేసింది. పోసిన బెల్లం నాలుగు రోజులైనా గట్టిపడలేదు. దిమ్మ విప్పితే అది మెల్లగా గుమ్మం దాటి వెళ్లిపోయింది. నూకాలమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"కళ్లు పోయినాయిరా. పాకం కనపడని నూకాలు బతికి ఏటి సేస్తాదిరా?"

అప్ప ఏడవడం తమ్ముళ్లు ఎప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక ముగ్గురూ ఆమె పక్కన కూర్చుని ఇంకా గట్టిగా ఏడ్చారు. ఆ గోలకి ఊళ్లో ఆరోగ్య కేంద్రం నడిపే నర్సు రోజారమణి పరిగెత్తుకొచ్చింది.

రోజారమణి మంచి పిల్ల. ఓపిక చాలా ఎక్కువ. ఆ ఓపిక ఈ కథ అయ్యేసరికి ఎంత మిగిలిందో తర్వాత చూద్దురుగాని. ఆమె నూకాలమ్మని కేంద్రానికి తీసుకెళ్లి, వేలు పొడిచి, నెత్తుటి చుక్క తీసి చూసింది.

"రెండు వందల నలభై ఆరు. పట్నంలో పన్నెండు రోజుల్లో కళ్ల క్యాంపు ఉంది పిన్నీ. ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. కానీ ఆ రోజుకి నీ చక్కెర రెండు వందల లోపు ఉండాలి. లేకపోతే వెనక్కి పంపేస్తారు. మళ్లీ క్యాంపు వచ్చే ఏడాదే."

"వచ్చే ఏడాదా! అప్పటికి రెండో కన్ను కూడా మూసుకుపోతాది" అంది నూకాలమ్మ.

అప్పుడు పైడయ్య కళ్లు గోడకి వేలాడుతున్న పెద్ద గళ్ల కాగితం మీద పడ్డాయి. దాని నిండా చుక్కలు. చుక్కల మధ్యలోంచి ఏటవాలుగా ఒక గీత.

"ఇదేటి సిస్టరమ్మా? నల్ల సీమలకి దారి గీసినావా?"

"కాదు బాబాయ్. ఊళ్లో నలభై మందికి నడుము కొలిచాను, చక్కెర చూశాను. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. కింద నడుము అంగుళాలు, పక్కన చక్కెర. చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయేలా ఈ గీత గీశాను. నడుము ముప్ఫై ఉన్నవాళ్లకి చక్కెర నూట పది ఉండొచ్చు. ఆపైన అంగుళానికి పన్నెండు చొప్పున పెరుగుతోంది. కొత్తగా ఎవరైనా వస్తే నడుము చూసి చక్కెర ఎంత ఉంటుందో సుమారుగా ఊహించొచ్చు. సుమారుగా మాత్రమే సుమా! మనిషి మనిషికీ తేడా ఉంటుంది."

ముగ్గురూ అన్నీ విన్నారు. 'సుమారుగా' అన్న మాట దగ్గర మాత్రం గంగులు తుమ్మాడు, మిగతా ఇద్దరూ వాడికి "సిరంజీవ" అన్నారు. అంతే. ఆ మాట ముగ్గురి చెవుల్లోనూ పడలేదు.

ఇంటికెళ్లగానే పెరట్లో ముగ్గుపిండితో గీత వేశారు. కాగితం మీది గీత మూరెడు. వీళ్లది పెరడంత. గీత పెద్దదైతే జోస్యమూ పెద్దదవుతుందని సన్యాసి ఆలోచన. పక్కన అంకెలు వేసి, దర్జీ దగ్గర్నుంచి టేపు తెచ్చి, కుటుంబమంతా నడుములు కొలుచుకున్నారు. చక్కెరలు రోజారమణి ముందే అందరికీ చూసి చీటీ మీద రాసిచ్చింది.

సన్యాసి నడుము ముప్ఫై రెండు. గీత ప్రకారం నూట ముప్ఫై నాలుగు. చీటీ మీద కూడా నూట ముప్ఫై నాలుగే!

"గీత మీదే పుట్టినోణ్ణిరా నాను!" అని సన్యాసి ఎగిరి గంతేసి గీత మీద నిలబడ్డాడు. కదిల్తే గీత తప్పిపోతానని సాయంత్రం దాకా దిగలేదు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

పైడయ్య నడుము ముప్ఫై నాలుగు. గీత ప్రకారం నూట యాభై ఎనిమిది ఉండాలి. చీటీలో తొంభై ఆరే ఉంది.

"అరవై రెండు తక్కువొచ్చినాదన్నా!" అన్నాడు గంగులు గుండెలు బాదుకుని. "నువ్వు గీత కింద పడిపోయినావు!"

పైడయ్య అంత ఆరోగ్యంగా ఉండి కూడా మంచం పట్టాడు. గీత మీదకి ఎక్కాలంటే చక్కెర పెరగాలి, పెరగాలంటే బెల్లం తినాలి. ఇంకేముంది! పూటకో దిమ్మ ముందు పెట్టుకుని, ఏడుస్తూ, మందు మింగినట్టు మింగాడు.

గంగులు నడుము ముప్ఫై. గీత ప్రకారం నూట పది. చీటీలో నూట ఎనభై రెండు. వీడు గీతకి పైన వేలాడుతున్నాడన్నమాట. సన్యాసి వేళ్ల మీద లెక్కేశాడు. "నూట ఎనభై రెండు సక్కెరకి ముప్ఫై ఆరు నడుముండాల. నీకు ఆరంగుళాలు తక్కువ. అదేరా నీ రోగం." అంతే. గంగులు నడుముకి దిండు కట్టారు. టేపు ముప్ఫై ఆరు చూపించింది. గంగులు హాయిగా ఊపిరి పీల్చుకుని "ఒంట్లో తేలిగ్గా ఉన్నాది" అన్నాడు, దిండు మోసుకుంటూ.

ఇక అసలు పని. నూకాలమ్మ నడుము నలభై రెండు. రెండు వందల లోపుకి రావాలంటే గీత మీద ముప్ఫై ఏడు దగ్గరికి దిగాలి. అయిదు అంగుళాలు.

"ఇంతేనా!" అన్నాడు పైడయ్య బెల్లం నములుతూ. "సెరుకు మోపు కట్టీ తాడు తేండి."

చెరకు మోపుని బిగించడంలో ఆ ముగ్గుర్నీ మించినవాళ్లు లేరు. ఒకడు ఇటు, ఒకడు అటు, ఒకడు కాలు అడ్డం పెట్టి లాగారు. నలభై ఒకటి. నలభై. ముప్ఫై తొమ్మిది దగ్గర నూకాలమ్మ మొహం వంకాయ రంగుకొచ్చింది.

"తగ్గుతాందా?" అంది ఊపిరి అందక.

"తగ్గుతాందప్పా. ఊపిరి తియ్యకు, పెరుగుతాది."

అలా మూడు రోజులు. బిగించడం, ఆమె కళ్లు తేలేయగానే వదలడం, మళ్లీ బిగించడం. చెప్పడానికి సిగ్గుపడుతూనే సన్యాసి ఇంకో గొప్ప లెక్క తీశాడు. ఇరవై అంగుళాలకి దించితే గీత సున్నా కిందకి పోతుంది. అప్పుడు అప్పకి చక్కెర ఉండకపోగా, లేని చక్కెర ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి రోజూ బెల్లం తినిపించొచ్చు. ఈ మాట విని నూకాలమ్మకి కూడా ఉత్సాహం వచ్చి "అయితే ఇంకొంచెం లాగండిరా" అంది.

మూడో రోజు మధ్యాహ్నం రోజారమణి మాత్రలు పట్టుకుని వచ్చింది. పెరట్లో ఒకడు గీత మీద నిలబడి అన్నం తింటున్నాడు. ఒకడు ఏడుస్తూ బెల్లం తింటున్నాడు. ఒకడు నిండు గర్భిణిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. మధ్యలో పెద్దావిడని చెరకు మోపులా కట్టి పడేశారు.

రోజారమణి కత్తిపీట తెచ్చి ముందు తాడు కోసింది. తర్వాత దిండు లాగేసింది. తర్వాత బెల్లం లాక్కుంది. అప్పుడు గుమ్మంలో కూలబడి తల పట్టుకుంది.

"గీత మనుషుల్ని చూసి గీసింది బాబూ! గీతని చూసి మనుషుల్ని గియ్యడం కాదు! టేపు చూపించినంత మాత్రాన ఒంట్లో చక్కెర తగ్గుతుందా?"

"మరి ఏటి సేస్తే తగ్గుతాది?"

"గంగులు బాబాయ్, నీకూ చక్కెరుంది, నువ్వూ కేంద్రానికి రావాలి. పిన్నికి ఈ మాత్రలు వేళకి వెయ్యండి. జావ, ఆకుకూర పెట్టండి. తీపి ముట్టనివ్వద్దు. రోజూ అరగంట నడిపించండి. నడిచేకొద్దీ చక్కెర తగ్గుతుంది. ఇంకేమీ చెయ్యొద్దు. దణ్ణం పెడతాను, ఇంకేమీ చెయ్యొద్దు."

మర్నాడే నడక మొదలైంది. నలుగురూ కలిసి అరగంట నడిచి కాలవ గట్టు చేరారు. వెనక్కి తిరగబోతుంటే గంగులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి! ఇంటికాడి నుంచి ఇక్కడికి నడిస్తే సక్కెర తగ్గింది కదా?"

"తగ్గింది."

"మరి ఇక్కడి నుంచి ఇంటికి నడిస్తే?"

మిగతా ముగ్గురూ నోళ్లు తెరిచారు. దిగిన మెట్లు ఎక్కితే మళ్లీ పైకే కదా వస్తాం! తగ్గిందంతా తిరిగొచ్చేస్తుంది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి మళ్లీ రెండు వందల నలభై ఆరు.

"నీ బుర్ర సల్లగుండ! ఎంత గండం తప్పినాదిరా!" అని పైడయ్య తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు.

అంతే. ఇంటికి తిరిగి వెళ్లడం మానేశారు. గంగులు ఒక్కడే వెళ్లి గిన్నెలూ దుప్పట్లూ మాత్రలూ తెచ్చాడు. వాడు వెళ్లడమూ రావడమూ రెండూ చేశాడు కాబట్టి వాడి చక్కెర ఎక్కడిదక్కడే ఉందని తేల్చారు. మర్నాడు కాలవ గట్టు నుంచి ఇంకో అరగంట. ఆ మర్నాడు ఇంకో అరగంట. ఎక్కడ అరగంట అయితే అక్కడే గిన్నె దించి జావ కాచుకునేవాళ్లు.

నడక కూడా మామూలు నడక కాదు. "సిస్టరమ్మ గీత వంకర నేదు. మనం ఎందుకు వంకర నడవాల?" అన్నాడు సన్యాసి. పెరట్లో ముగ్గు గీత పట్నం వైపే చూపించింది కాబట్టి అటే సూటిగా ముందుకి. దారి పక్కకి తిరిగితే వీళ్లు తిరగలేదు. గడ్డివాము అడ్డొస్తే దాన్ని విప్పి, దాటి, మళ్లీ పేర్చి వెళ్లారు. ఒక ఊళ్లో పెంకుటిల్లు అడ్డొచ్చింది. వీధి తలుపులోంచి లోపలికెళ్లి, అన్నాలు తింటున్నవాళ్ల మధ్యలోంచి నడిచి, వంటింట్లోకొచ్చారు. పెరటి తలుపు రెండడుగులు ఎడమకుంది. గీత తప్పుతుందని నూకాలమ్మని కిటికీలోంచి దించారు. ఏ దేవుడికి మొక్కుకున్నారో పాపం అని ఆ ఇల్లాలు వాళ్లకి దణ్ణం పెట్టి, దారికని గోంగూర కట్టిచ్చింది.

అక్కడ మామిడిగట్టులో రోజారమణి రోజూ వచ్చి తాళం చూసి వెళ్తోంది. క్యాంపు రోజున ఆశ చంపుకోలేక ఒక్కతే పట్నం వెళ్లింది. ఒక బడిలో పెట్టారు క్యాంపు. వీధి పొడుగునా వరస. నూకాలమ్మ ఎక్కడా లేదు. రోజారమణికి ఏడుపొచ్చింది. ముసలిదాన్ని మళ్లీ తాడు కట్టి ఎక్కడ చంపుతున్నారో అనుకుంది.

సరిగ్గా అప్పుడు బడి ప్రహరీ గోడ మీద పైడయ్య తల లేచింది. తర్వాత నిచ్చెన. తర్వాత నూకాలమ్మ. తొమ్మిది రోజులు, రోజుకి అరగంట చొప్పున, గీత పట్టుకుని వచ్చిన నలుగురూ గోడ దిగి నేరుగా వరసలో అందరికంటే ముందు నిలబడ్డారు.

చక్కెర చూశారు. నూట అరవై ఎనిమిది!

రోజారమణి నూకాలమ్మని వాటేసుకుంది. "ఎలా తగ్గించావు పిన్నీ?"

"ఇంటికి ఎల్లనేదమ్మా, అంతే" అంది నూకాలమ్మ.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు కట్టు విప్పి, గోడకున్న అక్షరాల అట్ట చదవమన్నారు. మొత్తం ఎనిమిది వరసలు. మొదటి రోజు రెండు వరసలు చదివింది. రెండో రోజు నాలుగు. మూడో రోజు ఆరు. ఆ సంతోషంలో రోజారమణి ఒక పొరపాటు చేసింది. గళ్ల కాగితం మీద మూడు చుక్కలు పెట్టి, మధ్యలోంచి గీత గీసి, తమ్ముళ్లకి చూపించింది.

"చూశారా, రోజుకి రెండు వరసలు చొప్పున ఎలా బాగుపడుతోందో!"

ముగ్గురి కళ్లూ వెలిగాయి. ఆ వెలుగు చూసి ఆమెకి భయమేసింది. "గీత చుక్కలున్నంతవరకే బాబూ. అవతల ఏముందో గీతకి తెలియదు. అవతల గీత లేదు."

"నేకపోతే గీద్దాం సిస్టరమ్మా" అన్నాడు సన్యాసి ధైర్యం చెప్తూ. "ముగ్గుపిండి ఉన్నాది కదా."

నెల రోజులు పొగ దగ్గరికి వెళ్లొద్దని చెప్పి, రోజారమణి నలుగుర్నీ ఆటో ఎక్కించి ఇంటికి పంపింది. ఆటోలో నలుగురూ వెనక్కి తిరిగి కూర్చున్నారు. మొహం పట్నం వైపు ఉంటే ఇంకా వెళ్తున్నట్టే లెక్కని, చక్కెర ఏమీ అనుకోదని.

ఇంటికి రాగానే లెక్క మొదలు. నాలుగో రోజుకి ఎనిమిది వరసలు. అట్ట అయిపోయింది. అయిదో రోజుకి పది. అట్టలో లేని తొమ్మిదీ పదీ ఎక్కడుంటాయి?

"అట్ట ఎనకాల" అన్నాడు గంగులు.

"అట్ట ఎనకాల ఏటుంటాది?"

"గోడ."

"అయితే అప్ప అయిదో రోజుకి గోడ అవతలికి సూస్తాది!"

అయిదో రోజు తెల్లారింది. నూకాలమ్మని మంచం మీద గోడకి ఎదురుగా కూర్చోబెట్టారు. అవతల పెరడు, పెరట్లో పెనం. ఆ రోజే కొత్త రసం మరుగుతోంది. నూకాలమ్మ కళ్లు చికిలించి చూసింది. మట్టి గోడ మీది బల్లి కనిపించింది, బల్లి తోక కనిపించింది, తోక మీది మచ్చ కనిపించింది. గోడ అవతల మాత్రం ఏమీ కనిపించలేదు.

"ఆపరేషను సెడిపోయినాదిరా. గీతని అందుకోలేకపోయినాను." టపటపా కన్నీళ్లు. కన్నీళ్లు పెడితే కొత్త కన్ను పాడవుతుందని తమ్ముళ్లకి భయం.

పైడయ్య గుండె కరిగిపోయింది. చిన్నప్పుడు జొరం వస్తే తెల్లవార్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అప్ప. ఆమె ఏడుస్తుంటే చూస్తూ ఊరుకుంటాడా? లేచి గునపం అందుకున్నాడు.

"గీత అబద్దం సెప్పదు. అప్ప కన్నూ అబద్దం సెప్పదు. తప్పు గోడది!"

ఇంకేముంది! ముగ్గురూ మూడు గునపాలతో విరుచుకుపడ్డారు. ముందు పెరటి గోడ, తర్వాత పక్క గోడలు, ఆ ఊపులో వీధి గోడ కూడా. తాటాకు కప్పు నాలుగు స్తంభాల మీద గాల్లో నిలబడింది. దుమ్ము తగలకుండా అప్ప కళ్లకి చెంగు కప్పారు. దుమ్ము అణిగాక తీశారు.

నూకాలమ్మ కళ్లు తెరిచింది. పెరడు! పెనం! ఎవరూ దగ్గర లేక పొంగుతున్న రసం!

"నురగ ఎర్రబారింది! బుడగ నిమ్మకాయంత లేస్తన్నాది! దించండిరా, సచ్చినోళ్లారా, దించండి!"

పరిగెత్తారు. దించారు. మధ్యాహ్నానికి దిమ్మ దిగింది. అలాంటి బంగారు రంగు బెల్లం ఆ ఇంట్లో దిగి ఏడాదయింది. నూకాలమ్మ మంచం మీద కూర్చునే దాన్ని చేత్తో తడిమి, వెలుగులోకి తిప్పి చూసుకుని, ఆనందం పట్టలేక ముగ్గురి తలలూ నిమిరింది. ముక్క మాత్రం నోట్లో వేసుకోలేదు.

సాయంత్రం కంటి చుక్కల మందు పట్టుకుని రోజారమణి వచ్చింది. ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగింది. గుమ్మం ఎక్కడుందో తెలియలేదు. చివరికి మంచం పక్కనే మట్టిగుట్ట మీద కూర్చుని, నూకాలమ్మ కంట్లో రెండు చుక్కలు వేసింది.

"చూపు బ్రహ్మాండంగా ఉంది పిన్నీ" అంది. "గోడలేవి?"

"గోడల్దేముందమ్మా" అంది నూకాలమ్మ గర్వంగా. "అవి అయిదో రోజు లెక్క. పదిహేనో రోజుకి ముప్ఫై వరసలంట. అదిగో, ఆ కొండ అవతలికి కనిపించాలంట."

రోజారమణి గబగబా చుట్టూ చూసింది. "తమ్ముళ్లేరి పిన్నీ?"

నూకాలమ్మ కొత్త కన్నుతో దూరంగా చూసి, చల్లగా నవ్వి, వేలు చూపించింది. పొలాల మధ్యలోంచి మూడు గునపాలు కొండ వైపు వెళ్తున్నాయి.